మన ఆరోగ్యం: పట్టేసింది కాదు, తెగింది

దేహబలమంటే మన తెలుగువారికి మొదటినుండీ మక్కువ. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఛాతీమీద ఏనుగును నిలుపుకొన్న సంగతి మన తాతలు మనకు చెప్పారు. మనం మన మనుమలకు చెబుతున్నాం. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడల్లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం అందుకొన్ననాడు, ఆంధ్రదేశానికి ఎంత దూరాన స్థిరపడినవారైనా తమ ఇంటిపిల్లే గెలిచినట్లు సంతోషించారు. కన్నడసీమలో గరడిమనె అనండి, మహారాష్ట్రలో తాలీమ్ అనండి, ఒడిశాలో ఆఖడా అనండి, మన పెద్దలు తాలింఖానా అన్న ఆ చోటికి ఇప్పుడు పిల్లల నోట జిమ్ అని పేరు వచ్చింది. పేరుతోబాటు పనిముట్లూ మారాయి. దండీలు, బస్కీలు, గద, సంగిడిరాయి వెనుకబడి, ఇనుప కడ్డీలు, వాటి కొసలకు తగిలించే బిళ్ళలు ముందుకు వచ్చాయి. పిల్లలు వ్యాయామం చేస్తున్నారంటే సంతోషించవలసిందే. ఈ మాసం మేము వ్రాయబోయేది వ్యాయామానికి వ్యతిరేకం కాదు. వ్యాయామంలో తగిలే ఒక దెబ్బను గురించి. అది అరుదైనదే గాని, తగిలినప్పుడు ఇంట్లోవారికి దాని సంగతి తెలియకపోతే చాలా నష్టం చేస్తుంది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మల్లీశ్వరి ఎత్తినది నేలమీది బరువును తలపైకి. ఒలింపిక్ పోటీలో ఇప్పుడున్నవి స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే రెండు పద్ధతులే. ప్రెస్ అనే మూడవ పద్ధతిని 1972 పోటీల తరువాత తీసివేశారు. నేటి యువకులకు ప్రీతిపాత్రమైన బెంచ్ ప్రెస్ ఆ పోటీలో లేదు. అది పవర్‌లిఫ్టింగ్ అనే వేరొక పోటీలోనిది. బల్లమీద వెల్లకిల పడుకొని, కడ్డీని రెండు చేతులతో పట్టి, ఛాతీదాకా దించి, మళ్ళీ పైకి త్రోయడమే బెంచ్ ప్రెస్. మేము చెప్పబోయే దెబ్బ బరువులెత్తేవారిలో ముఖ్యంగా ఈ బల్లమీదనే తగులుతుంది. ఛాతీ కండరం చేతి ఎముకకు అతుక్కొన్న చోట ఊడివస్తుంది.

పోయిన నెల మాకు అందిన ఒక ఉత్తరం ఈ వ్యాసానికి కారణం. ఊరూ పేరూ ప్రకటించవద్దని ఆ సోదరి కోరారు గనుక వ్రాయడం లేదు. ఆమె కుమారునికి ఇరవై ఏడేండ్లు. బల్లమీద పడుకొని బరువు దించుతుండగా చంక దగ్గర టప్పున చప్పుడయిందట. మరునాటికి జబ్బ లోపలివైపు మోచేతిదాకా నల్లగా కమిలింది. తోటి కుర్రవాళ్ళు నరం పట్టేసిందన్నారు. ఎవరో నూనెపెట్టి మర్దన చేశారు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు. మూడవ వారంలో ఎముకల డాక్టరు ఒకరు చూచి, కండరం తెగింది, ఆపరేషన్ చేయించండి, ఆలస్యం చేయవద్దు అన్నారు. “అబ్బాయి అన్నం కలుపుకొని తింటున్నాడు, బండి నడుపుకొని ఆఫీసుకు వెళుతున్నాడు, నొప్పి కూడా తగ్గింది. మరి ఎందుకు కోయించుకోవాలి? కొంతకాలం ఆగితే అదే అతుక్కోదా?” అని ఆ తల్లి అడిగారు.

చాలా న్యాయమైన ప్రశ్న. రోగిని చూడకుండా కాగితం మీద తీర్పు చెప్పడం ఎవరికీ తగదు, మేమూ చెప్పము. కాని ఈ విషయం ఎట్లా ఆలోచించాలో చెప్పగలం. ఆమెకు విడిగా జవాబు వ్రాశాము. మన కుటుంబాల్లో ఇంకెందరికో పనికివస్తుందని ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

ఛాతీ ముందు భాగాన చర్మం క్రింద విసనకర్ర ఆకారంలో ఒక పెద్ద కండరం ఉంది. వైద్యులు దానిని పెక్టొరాలిస్ మేజర్ అంటారు. దాని ఒక పాయ కంటె ఎముకనుండి, పెద్దదైన రెండవ పాయ రొమ్ము నడిమి ఎముకనుండి, ప్రక్కటెముకల మొదళ్ళనుండి బయలుదేరుతుంది. ఆ పాయలన్నీ చంక ముందుగా సాగి, విసనకర్ర పిడి దగ్గరకు చేరినట్లు ఒకచోటికి చేరి, చప్పిడిగా తెల్లగా గట్టిగా ఉండే ఒక పట్టీగా మారి, జబ్బ ఎముక పైభాగాన అతుక్కొంటాయి. ఆ పట్టీ సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు, అంటే మూడు వ్రేళ్ళ వెడల్పు ఉంటుంది. ఇట్టి పట్టీని వైద్యులు టెండన్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధనం అన్నారు. వాడుకలో మనం దీనినీ నరం అనే అంటాం. అక్కడే చిక్కు వచ్చింది. నరం పట్టేస్తే వదులుతుంది. కాపడం పెట్టి మర్దన చేస్తే సర్దుకొంటుంది అని మన నమ్మకం. తెగిన పట్టీ అట్లా సర్దుకోదు. మాట ఒకటే కావడంచేత రెండింటికీ ఒకే చికిత్స చేసి, అమూల్యమైన రోజులు పోగొట్టుకొంటున్నాం.

ఈ కండరం ఏం చేస్తుంది? చేతిని ఒంటికి దగ్గరగా లాగుతుంది, లోపలికి త్రిప్పుతుంది, ఎదుటి వస్తువును నెట్టేందుకు బలమిస్తుంది. బిడ్డను రెండు చేతులా గుండెకు హత్తుకోవడం, నిలిచిపోయిన మోటారును నెట్టడం, నేలమీద అరచేతులు ఆనించి లేవడం దీని పనులు. అన్నం కలపడానికి, బండి నడపడానికి దీని అవసరం తక్కువ. కాబట్టి పై ఉత్తరంలో తల్లి చూచినది నిజమే. కాని ఆ పనులు సాగుతున్నంత మాత్రాన కండరం బాగున్నట్లు కాదు.

ఇంత గట్టి పట్టీ ఎందుకు తెగుతుందో చూతాం. ఛాతీ కండరం పోగులు తిన్నగా వెళ్ళి అతుక్కోవు. తడిబట్టను పిండేటప్పుడు పడే మెలికవంటి మెలిక ఒకటి వాటిలో ఉంది. ఛాతీ అడుగునుండి వచ్చే పోగులు మెలిక తిరిగి, జబ్బ ఎముకమీద పైచోటున అతుక్కొంటాయి. పైనుండి వచ్చేవి క్రింది చోటున అతుక్కొంటాయి. బల్లమీద పడుకొని కడ్డీని దించుతున్నప్పుడు మోచేతులు వీపు గీత దాటి క్రిందికి పోతాయి. ఆ చివరి కొద్దిపాటి కదలికలో అడుగు పోగులు తక్కిన పోగులకంటె చాలా ఎక్కువగా సాగుతాయి. అదే సమయాన బరువు ఒక్కసారిగా మీద పడిపోకుండా కండరం బిగబట్టి ఉండాలి. ఒకవైపు సాగడం, ఒకవైపు బిగియడం, పైన తాళలేని బరువు. ఈ మూడూ కలిసిన క్షణాన మొదట అడుగు పోగులు, వాటి వెంట తక్కినవి తెగుతాయి. అందుచేతనే ఈ ప్రమాదం బరువును పైకి త్రోస్తున్నప్పటికంటె, దించుతున్నప్పుడు, అట్టడుగున మలుపు తిరిగేటప్పుడు ఎక్కువ. ఎక్కువమందిలో ఎముకకు అతుక్కొన్న చోటనే ఊడివస్తుంది.

ఇది కొత్త రోగం కాదు. 1822లో పారిస్ నగరంలో పాటిస్సియే అనే వైద్యుడు పనివాళ్ళకు వచ్చే జబ్బులను గురించి వ్రాస్తూ, ఒక కసాయి దుకాణపు కుర్రవానికి ఈ కండరం తెగిన సంగతి చెప్పాడు. వైద్యగ్రంథాల్లో ఇదే మొదటి కేసని చెప్పుకొంటారు. ఆనాడు పనివాడికి వచ్చింది, ఈనాడు పని ముగించుకొని జిమ్‌కు వెళ్ళే యువకుడికి వస్తున్నది. 2012లో కెనడా వైద్యులు ప్రపంచంలోని వైద్యపత్రికలన్నీ గాలించి 365 కేసులు కూర్చి చూచారు. వాటిలో అధికభాగం అంతకు ముందటి ఇరవై ఏండ్లలోనివే. సుమారు సగం బరువులతో వ్యాయామం చేస్తుండగా జరిగినవి. బాధితులు దాదాపు అందరూ పురుషులే. ఇరవైనుండి నలభై ఏండ్ల లోపువారే ఎక్కువ. సంపాదించే వయస్సు, సంసారం మోసే వయస్సు అన్నమాట.

ఇంట్లోవారు దీనిని ఎట్లా గుర్తించాలి? మొదటిది, చప్పుడు. తెగినవారిలో చాలామంది టప్పుమన్నదనో, బట్ట చినిగినట్లయిందనో చెబుతారు. రెండవది, కమిలిన నలుపు. ఛాతీమీదనే కాక జబ్బ లోపలివైపున నలుపు దిగుతుంది. మామూలు పట్టులో ఇట్టి నలుపు ఉండదు. నలుపు కనిపించిందంటే లోపల ఏదో చినిగి రక్తం కారిందని అర్థం. మూడవది, చంక ముందు మడత. చొక్కా విప్పి అద్దం ముందు నిలబడి, రెండు అరచేతులూ జోడించి, నమస్కారం పెడుతున్నట్లుగా గట్టిగా నొక్కాలి. బాగున్న వైపున చంక ముందు మడత నిండుగా బిగుస్తుంది. తెగిన వైపున ఆ మడత పలచబడుతుంది. కండరం నడిమి ఎముకవైపు ముద్దగా పోగుపడుతుంది. మొదటి వారంలో వాపుచేత ఈ తేడా కప్పబడి ఉండవచ్చు. వాపు తీసినకొద్దీ బయటపడుతుంది. కనుక వాపు తగ్గగానే మరొకసారి చూడాలి.

ఇక్కడ డాక్టర్లు సైతం మోసపోవడానికి వీలుంది. కంటె ఎముకనుండి వచ్చే పై పాయ తరచు తెగకుండా మిగిలిపోతుంది. వ్రేలితో తాకితే పట్టీ ఉన్నట్లే తోస్తుంది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గాని పట్టీ కనిపించదు. కాబట్టి ఎముక బాగానే ఉందన్న మాటకు పట్టీ బాగుందని అర్థం చేసుకోకూడదు. పట్టీ ఎంతవరకు తెగిందో, ఏ చోట తెగిందో, ఎంత లోపలికి ముడుచుకొన్నదో తెలియాలంటే ఎం.ఆర్.ఐ. పరీక్ష మేలు. అనుభవజ్ఞులు చేస్తే అల్ట్రాసౌండ్ పరీక్షలోనూ కొంత తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఆగితే అదే అతుక్కోదా? ఎముక విరిగితే కట్టు కడితే అతుక్కొంటుంది. పుత్తూరు కట్టు పేరు మన ఇండ్లలో తెలియనివారు లేరు. ఎముక ముక్కలు రెండూ ఒకచోటనే ఉంటాయి గనుక, కదలకుండా ఉంచితే ప్రకృతి అతుకుతుంది. ఈ పట్టీ సంగతి వేరు. పైజామా బొందు కొస లోపలికి జారిపోయినట్లు, ఊడిన పట్టీని కండరం తనవైపు లాగేసుకొంటుంది. పైనుండి ఎంత గట్టి కట్టు కట్టినా అది తిరిగి ఎముక దగ్గరకు రాదు. బొందు కొస ఇంకా నోటి దగ్గర ఉండగా పట్టుకొంటే రెండు వ్రేళ్ళతో బయటికి వస్తుంది. బాగా లోపలికి పోయాక పిన్నుపెట్టి వెదకాలి. ఇదీ అంతే. మొదటి కొన్ని వారాల్లో పట్టీ కొస మెత్తగా, లాగితే వచ్చేటట్లుగా ఉంటుంది. నెలలు గడిస్తే కండరం కురచబారి, చుట్టూ ఉన్న మాంసానికి అంటుకొని, లాగినా ఎముకదాకా అందదు. అప్పుడు తొడ వెనుకనుండి తీసిన పట్టీనో, దాతలనుండి సేకరించిన పట్టీనో మధ్యలో అతుకువేయవలసి రావచ్చు. పని పెద్దదవుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది.

ఇది ఊహ కాదు. 2000లో వైద్యులు 112 కేసుల ఫలితాలను కలిపి చూచి, ఆపరేషన్ చేయించుకొన్నవారికి, అందులోనూ దెబ్బ తగిలిన మొదటి 8 వారాల్లో చేయించుకొన్నవారికి, ఫలితం మెరుగని తేల్చారు. అదే సంవత్సరం అమెరికాలో 17 మంది రోగుల బలాన్ని యంత్రంతో కొలిచి చూచారు. బాగున్న చేతి బలం 100 అనుకొంటే, వెంటనే కుట్టించుకొన్నవారి దెబ్బతిన్న చేతి బలం 102, ఆలస్యంగా కుట్టించుకొన్నవారిది 94, అసలు కుట్టించుకోనివారిది 71. పదిహేడుగురంటే చిన్న లెక్కే. దానిని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. అయినా రెండు సంగతులు దానినుండి గ్రహించవచ్చు. త్వరపడితే పూర్వపు బలం దాదాపు తిరిగి వస్తుంది. ఆలస్యమైనా ఆశ వదులుకోనక్కరలేదు. కనుక నెలల క్రితం తెగినవారు, ఇక చేసేదేముందని ఇంట కూర్చోకుండా, ఒకసారి చూపించుకోవలెనని మా సలహా.

అట్లని తెగిన ప్రతివారికీ కత్తి అవసరమని మేము చెప్పడం లేదు. పట్టీ పూర్తిగా ఊడక కొంతమేర చినిగినవారికి, పట్టీ దగ్గర కాక కండరం నడుమ చినిగినవారికి, వయస్సు మళ్ళి బరువు పనులు లేనివారికి, గుండెజబ్బువంటి వేరే బాధలవల్ల మత్తు ఇవ్వడం ప్రమాదమైనవారికి, చేతిని జోలెలో ఉంచి, నొప్పి తగ్గాక ఫిజియోథెరపీ చేయిస్తే సరిపోతుంది. అట్టివారు బ్రతుకంతా హాయిగా గడుపుతారు. నెట్టుడుబలం కొంత తగ్గుతుంది, ఛాతీ రెండువైపులా సమానంగా కనిపించదు, అంతే. కాని వయస్సులో ఉండి, పట్టీ పూర్తిగా ఊడి, బరువు పనులతోనో ఆటలతోనో పోలీసు సైనిక ఉద్యోగాలతోనో జీవించవలసినవారికి ఆపరేషనే మేలని నేటి వైద్యుల అభిప్రాయం. నిర్ణయం ఆ యువకుడిది, అతణ్ణి చూచిన డాక్టరుది. అయితే ఒక్క మాట. ఏదీ నిర్ణయించకుండా ఊరకే ఉంటే, గడిచే వారాలే మన తరఫున నిర్ణయం చేసేస్తాయి. వద్దనుకొంటే తెలిసి వద్దనుకోవాలి గాని, ఆలోచిస్తూ ఆలోచిస్తూ అదను దాటనీయరాదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలిస్తే ఇంట్లోవారి భయం సగం తగ్గుతుంది. సామాన్యంగా పూర్తి మత్తు ఇస్తారు. భుజం ముందువైపున, చంక మడతకు దగ్గరగా కొన్ని అంగుళాల గాటు పెడతారు. ఛాతీ ఎముకల గూటిని తెరవరు. గుండె, ఊపిరితిత్తుల జోలికి పోరు. ఛాతీ ఆపరేషన్ అనగానే గుండె ఆపరేషన్ అనుకొని బెంబేలుపడే పెద్దలకు ఈ సంగతి ముందుగా చెప్పాలి. ముడుచుకొన్న పట్టీ కొసను వెదకి పట్టుకొని, చుట్టూ అంటుకొన్నదాన్ని విడదీసి, కరగని గట్టి దారంతో ఊడిరాని కుట్లు వేస్తారు. జబ్బ ఎముకమీద పట్టీ పూర్వమున్న చోటును శుభ్రంచేసి, దారాన్ని ఎముకకు బిగిస్తారు. బిగించడానికి మూడు పద్ధతులున్నాయి. ఎముకలో చిన్న రంధ్రాలు చేసి దారం దూర్చి ముడివేయడం ఒకటి. దారం తగిలించిన యాంకర్ అనే చిన్న మేకులను ఎముకలో దిగగొట్టడం రెండవది. ఎముకకు లోపలివైపున చొక్కా బొత్తాంవంటి చిన్న లోహపు బిళ్ళను అడ్డంగా నిలిపి, దానికి దారం బిగించడం మూడవది. మూడింటితోనూ మంచి ఫలితాలు వస్తున్నాయి. ఏది వాడాలన్నది సర్జనుగారి అలవాటునుబట్టి ఉంటుంది. ఆ ప్రక్కనే ఎముక గాడిలో జబ్బ కండరపు పట్టీ మరొకటి ఉంటుంది, దాపులో నరాలుంటాయి. వాటికి దెబ్బ తగలకుండా చూచుకోవలసిన పని గనుక, భుజం ఆపరేషన్లు తరచుగా చేసే సర్జను దగ్గరకు వెళ్ళడం మంచిది. ఇట్టి కేసులు లోగడ చేశారా అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. చీము పట్టడం, భుజం బిగుసుకోవడం, అతికినది మళ్ళీ ఊడటం వంటి ఇబ్బందులు అరుదుగానైనా ఏ ఆపరేషన్‌కైనా ఉంటాయి. అవీ ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషన్ ఒక పూట పని. అసలు తపస్సు ఆ తరువాతిది. సర్జను ముడివేసినది దారం; ఎముకకు పట్టీని అతికించవలసినది శరీరం. దానికి వారాలు పడుతుంది. నాలుగునుండి ఆరు వారాలు చేయి జోలెలో ఉంటుంది. ఆ రోజుల్లో వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి కదుపుతూ ఉండాలి. భుజాన్ని మాత్రం ఫిజియోథెరపీవారు చెప్పిన మేరకే కదపాలి. చేతిని ప్రక్కకు చాచి బయటికి త్రిప్పడం, వెనుకకు లాగడం పనికిరాదు. చొక్కా తొడగడం, తల దువ్వడం, మంచంమీదనుండి లేపడం ఇంట్లోవారు దగ్గరుండి చూడాలి. ఆరు వారాల తరువాత మెల్లమెల్లగా కదలికలు, సుమారు మూడవ నెలనుండి తేలిక బరువులు, ఆరవ నెల ప్రాంతంలో డాక్టరు సరేనంటే మునుపటి వ్యాయామం. ఇదీ సాధారణమైన క్రమం. డాక్టరు తమ రోగినిబట్టి దీనిని ముందు వెనుక చేస్తారు.

ఈ క్రమంలో మన పిల్లలు ఓడిపోయేది రెండవ నెలలో. నొప్పి ఉండదు, గాయం మానినట్లే కనిపిస్తుంది, స్నేహితులు రమ్మంటారు. అమెరికా కుస్తీ ప్రదర్శనల జాన్ సీనాకు 2007 అక్టోబరులో కుడి ఛాతీ కండరం తెగింది. ఆపరేషన్ చేయించుకొని 2008 జనవరి చివర తిరిగి గోదాలో దిగాడు. టెలివిజన్‌లో అది చూచిన కుర్రవాళ్ళు నాలుగు నెలలే చాలుననుకొంటారు. అతని వెంట వైద్యులు, వ్యాయామ నిపుణులు ఉన్నారు. అతని వృత్తి అది. మన అబ్బాయికి ఆ తొందర లేదు. రెండు నెలల ఆత్రానికి పోయి రెండవసారి తెగితే, అది మొదటిసారికంటె కష్టమైన పని.

ఇక ఇంట్లో మాట్లాడుకోవడానికి మొగమాటపడే సంగతి ఒకటుంది. కండలు త్వరగా పెరగాలని కొందరు స్టెరాయిడ్ సూదిమందులు, మాత్రలు వాడుతున్నారు. వాటివల్ల కండరం త్వరగా బలుస్తుంది. పట్టీ అంత వేగంగా గట్టిపడదు. పాత త్రాడుకు కొత్త ఎద్దును కట్టినట్లు, బలిసిన కండరమే తన పట్టీని తెంపుకొంటుంది. తెగినవారందరూ ఇట్టి మందులు వాడినవారని ఎంతమాత్రం అనుకోరాదు. ఏ మందూ ఎరుగనివారికీ తెగుతుంది. కాని వాడినవారు ఆ సంగతి సర్జనుకు, మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పక చెప్పాలి. తండ్రులకు మా మనవి ఏమంటే, ఆ రోజున తిట్లకు దిగవద్దు. తిడతారనే భయంతోనే చాలామంది పిల్లలు దెబ్బ తగిలిన సంగతిని చొక్కా క్రింద దాచి, వారాలు గడిపేస్తారు. నలుపు మాసిపోతుంది, నొప్పి తగ్గుతుంది, అదను దాటిపోతుంది.

రాకుండా చూచుకోవడం అన్నిటికంటె మేలు. అరుదైన దెబ్బ గనుక బెంచ్ ప్రెస్ మానివేయనక్కరలేదు. పద్ధతిగా చేస్తే చాలు. కడ్డీని భుజాలకు మరీ ఎడంగా పట్టరాదు. తేలిక బరువులతో ఒళ్ళు వేడెక్కించకుండా పెద్ద బరువు జోలికి పోరాదు. బరువును నింపాదిగా దించాలి. ఛాతీమీద పడవేసి ఎగరవేయరాదు. అవసరమైతే ఛాతీమీద మడతపెట్టిన తువాలు ఉంచుకొని, కడ్డీ దానిని తాకగానే పైకి త్రోయాలి. అందువల్ల అట్టడుగు ప్రమాదపు మేర తప్పిపోతుంది. బరువును వారంవారం కొద్దికొద్దిగా పెంచాలి. పందెంవేసి ఎత్తరాదు. పెద్ద బరువు ఎత్తేటప్పుడు తల దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి. అలసిపోయిన రోజున తగ్గించుకోవడం చేతకానితనం కాదు.

దెబ్బ తగిలిన క్షణాన చేయవలసినది కొంచెమే. బరువు దించి పని ఆపాలి. చేతిని ఒంటికి ఆనించి జోలె కట్టాలి. గుడ్డలో చుట్టిన ఐసు కొంచెం కొంచెంసేపు పెట్టాలి. మొదటి రోజుల్లో కాపడం వద్దు, మర్దన వద్దు. అవి లోపలి రక్తస్రావాన్ని పెంచుతాయి. వాపు తీసేదాకా వేచి ఉండకుండా, ఆ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించాలి. స్తోమత లేనివారు ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలోని ఎముకల విభాగానికి వెళ్ళవచ్చు. టప్పుమన్న చప్పుడు, కమిలిన నలుపు, చంక మడతలోని తేడా, ఈ మూడూ డాక్టరుకు మనంతట మనమే చెప్పాలి. చూచినవారు ఎక్స్‌రే బాగుందని పంపివేస్తే, పట్టీ సంగతి ఏమిటండీ అని ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ఒక్క ప్రశ్న చాలాసార్లు దారి చూపుతుంది.

మన సంఘపు సభ్యుల్లో వ్యాయామశాలలు నడిపేవారు, అక్కడ పిల్లలకు నేర్పేవారు ఉంటే, పైనున్న ఈ చివరి పేరాను కత్తిరించి గోడకు అంటించవలసిందని కోరుతున్నాము. చుట్టుప్రక్కలవారికి అర్థమయ్యేటట్లు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో దానికి అనువాదం వ్రాసి ప్రక్కన పెడితే మరీ సంతోషం.